టీబీ తగ్గిన ఊపిరితిత్తి, పాజిటివ్ వచ్చిన ఫంగస్ యాంటీబాడీ

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారి వయసు 58. తొమ్మిదేళ్ల కిందట ఆయనకు టీబీ వచ్చింది. ఆరు నెలలు క్రమం తప్పకుండా మందులు వాడారు, తగ్గిపోయింది. ఇప్పుడు ఐదు నెలలుగా మళ్లీ దగ్గు, నీరసం. ఏడు కిలోల బరువు తగ్గారు. రెండుసార్లు కఫంలో రక్తపు చారలు కనిపించాయి. టీబీ తిరగబెట్టిందేమోనని కఫం పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది. ల్యాబ్‌లో 'ఫంగల్ యాంటీబాడీ ప్యానెల్' అని ఉంటే అదీ చేయించాం. ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ పాజిటివ్ (బాగా ఎక్కువ ఉంది), ఆస్పర్‌జిల్లస్ ఐజీఎం నెగెటివ్, క్యాండిడా ఐజీజీ పాజిటివ్ అని వచ్చాయి. "ఐజీజీ అంటే ఎప్పుడో వచ్చి పోయిందని అర్థం. ఐజీఎం లేదు కదా, వదిలేయండి" అంటున్నారు మా బాబాయి. మందుల షాపులో పనిచేసే మా పెద్దమ్మ కొడుకు "రెండు రకాల ఫంగస్ ఉంది, ఫ్లూకోనజోల్ మొదలుపెట్టేద్దాం" అంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నాకు నడుము దగ్గర తామర ఉంది. నేను కూడా ఈ ప్యానెల్ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, చేయాల్సిన పని ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నాన్నగారికి ఈ వారంలోనే ఛాతీ సీటీ స్కాన్ చేయించి ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించండి. ఫ్లూకోనజోల్ మొదలుపెట్టొద్దు. అలాగని వదిలేయనూ వద్దు. బాబాయిగారు, మీ అన్నయ్య ఇద్దరూ మంచి మనసుతోనే చెప్పారు కానీ, ఇద్దరి సలహా వల్లా నాన్నగారికి నష్టమే జరగవచ్చు.

నేను మైక్రోబయాలజీ డాక్టర్‌ని. ఇలాంటి రిపోర్టుల మీద సంతకం పెట్టడం నా రోజువారీ పని. అందుకే ఈ విషయంలో కాస్త ఎక్కువగానే రాస్తున్నాను. ఒకే కాగితం మీద మూడు ఫలితాలు వరసగా ఉండేసరికి మూడింటికీ ఒకే విలువ ఉన్నట్టు కనిపిస్తుంది. నాన్నగారి విషయంలో ఆ మూడింటిలో ఒకటి చాలా ముఖ్యమైనది, ఒకదానితో ఏ ఉపయోగమూ లేదు, ఇంకొకటి తప్పుదారి పట్టించేది.

యాంటీబాడీ అంటే ఫంగస్ కాదు. ఫంగస్‌ను చూసి మన శరీరం తయారు చేసుకున్న ప్రొటీన్. ఐజీజీ, ఐజీఎం అన్నవి ఈ యాంటీబాడీల్లో రకాలే. కుక్క మొరిగిందంటే గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చారని తెలుస్తుంది. వచ్చింది దొంగో చుట్టమో మొరుగుడు చెప్పదు. యాంటీబాడీ పరీక్ష కూడా అంతే. ఈ శరీరానికి ఈ ఫంగస్‌తో పరిచయం ఉందని మాత్రమే చెబుతుంది. ఆ పరిచయం జబ్బా కాదా అన్నది తేలాలంటే ఏ ఫంగస్, ఎవరి శరీరం, ఎంత మోతాదు, ఎన్నాళ్ల నుంచి బాధ, స్కాన్‌లో ఏం కనిపించింది అన్నవన్నీ కలిపి చూడాలి.

ముందు ఆస్పర్‌జిల్లస్ సంగతి. ఇది మనం మామూలుగా చూసే బూజు జాతిదే. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, తడి గోడల మీద పెరుగుతుంది. దీని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు, గాలిలో తేలుతూ ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడు రెట్లు, అంతే. కాబట్టి ఊపిరితో పాటు ఊపిరితిత్తుల చివరి దాకా వెళ్లిపోతాయి. ప్రతి మనిషీ రోజూ వందల కొద్దీ పీలుస్తూనే ఉంటాడు. ఆరోగ్యమైన ఊపిరితిత్తి వాటిని వచ్చినవి వచ్చినట్టే శుభ్రం చేసేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు.

టీబీ వచ్చి తగ్గిన ఊపిరితిత్తి పరిస్థితి వేరు. కొందరిలో టీబీ క్రిములు చచ్చిపోయాక కూడా అవి తొలిచిన చోట బోలుగా ఖాళీ మిగిలిపోతుంది. దాన్నే క్యావిటీ అంటారు. అక్కడికి రక్తప్రసరణ, రక్షణ కణాల రాకపోకలు సరిగా ఉండవు. అందులో పడిన స్పోర్ బయటికి పోదు, మొలకెత్తి గోడను పట్టుకుని నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఒక్కోసారి ఫంగస్ దారాలన్నీ అల్లుకుని క్యావిటీ లోపల ఉండలా తయారవుతాయి. సీటీ స్కాన్‌లో ఆ ఉండ, దాని చుట్టూ నెలవంకలా సన్నటి గాలి పొర స్పష్టంగా కనిపిస్తాయి. క్యావిటీ గోడలోని రక్తనాళాలు ఉబ్బి, పలచబడి చిట్లినప్పుడే కఫంలో రక్తం పడుతుంది. ఈ జబ్బును క్రానిక్ పల్మనరీ ఆస్పర్‌జిల్లోసిస్ అంటారు. బరువు తగ్గడం, విడవని దగ్గు, నీరసం, కఫంలో రక్తం దీని లక్షణాలు. మీరు రాసిన ఉత్తరంలో ఇవన్నీ ఉన్నాయి. అచ్చం టీబీ లక్షణాల్లాగే ఉండడం వల్ల చాలామందికి ఇది టీబీగానే పొరబడి మళ్లీ టీబీ మందులు మొదలవుతాయి.

ఉగాండాలోని గులులో టీబీ చికిత్స పూర్తి చేసుకున్నవారిని పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. మొత్తం మీద నూటికి సుమారు ఐదుగురిలో ఈ జబ్బు కనిపించింది. ఎక్స్‌రేలో క్యావిటీ మిగిలిపోయినవారిని విడిగా లెక్కేస్తే దాదాపు నలుగురిలో ఒకరికి ఉంది. క్యావిటీ లేనివారిలో నూటికి ఒక్కరు కూడా లేరు. సీటీ స్కాన్ చేయించండని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. నాన్నగారి ఊపిరితిత్తిలో క్యావిటీ ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఆ పాజిటివ్‌కు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

ఈ జబ్బులో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడే రక్త పరీక్ష. జబ్బు ఉన్నవారిలో నూటికి తొంభై మందికి పైగా పాజిటివ్ వస్తుంది. ఫంగస్ ఒకేచోట తిష్ట వేసి నెలల తరబడి తన ప్రొటీన్లను వదులుతూ ఉంటే, మామూలు రోగనిరోధక శక్తి ఉన్న శరీరం ఊరుకోదు, ఐజీజీని గుట్టలుగా తయారు చేస్తుంది. కఫం కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) ఫంగస్ పెరగని సందర్భాల్లో కూడా ఈ పరీక్ష పట్టిస్తుంది.

పాత రోజుల్లో దీన్ని కంటితో చూసేవారు. స్వీడన్ శాస్త్రవేత్త ఔక్టర్‌లోనీ 1940లలో రూపొందించిన పద్ధతి అది. గాజు పలక మీద పారదర్శకమైన అగార్ జెల్ పోసి, అందులో చిన్న చిన్న గుంటలు చేస్తారు. ఒక గుంటలో ఆస్పర్‌జిల్లస్ నుంచి తీసిన ద్రవం, ఎదుటి గుంటలో రోగి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేసి తేమ ఆరకుండా మూసి పెడతారు. రెండూ జెల్‌లో నెమ్మదిగా పాకుతాయి. యాంటీబాడీ ఉంటే రెండూ కలిసిన చోట ఒకటి రెండు రోజుల్లో వెంట్రుకంత సన్నటి తెల్ల గీత పడుతుంది. పలకను నల్లటి కాగితం మీద పెట్టి పక్క నుంచి లైటు వేసి చూడాలి, లేకపోతే కంటికి ఆనదు. ఫంగస్ ఉండ ఉన్న రోగి సీరంలో ఒకటి కాదు, నాలుగైదు గీతలు కూడా పడతాయి. 1964లో లండన్‌లో లాంగ్‌బాటమ్, పెపిస్ ఈ గీతల ఆధారంగానే ఆస్పర్‌జిల్లస్ జబ్బులను వేరు చేసి చూపించారు. ఇప్పుడు ఆ పని ఎలైజా యంత్రాలు చేస్తున్నాయి. అరగంటలో ఫలితం చెప్పే కార్డు పరీక్షలూ వచ్చాయి. పద్ధతి మారింది కానీ అడిగే ప్రశ్న అదే: ఈ మనిషి సీరం ఈ ఫంగస్‌ను గట్టిగా గుర్తుపడుతోందా?

ఇక బాబాయిగారి వాదన. 'ఐజీఎం అంటే ఇప్పటిది, ఐజీజీ అంటే పాతది' అన్న సూత్రం కొన్ని వైరస్ జ్వరాల విషయంలో చాలావరకు పనికొస్తుంది. అందరికీ అది బాగా గుర్తుండిపోయింది. ఈ జబ్బుకు అది వర్తించదు. ఇది వారం రోజుల్లో వచ్చి పోయేది కాదు, నెలలు, ఏళ్లు సాగేది. డాక్టర్ దగ్గరికి వచ్చేసరికే ఐజీఎం దశ దాటిపోయి ఉంటుంది. అందుకే ఈ జబ్బు నిర్ధారణలో ఐజీఎంకు పెద్దగా విలువ ఇవ్వరు. రిపోర్టులో తప్పుదారి పట్టించేది అని నేనన్నది ఈ ఐజీఎం నెగెటివ్‌నే. దాన్ని చూసి ధైర్యపడకండి.

అలాగని ఐజీజీ ఒక్కటే చూసి జబ్బు ఉందని ఖాయం చేయడమూ కుదరదు. ఆస్తమా, సీఓపీడీ, బ్రాంకియెక్టేసిస్ లాంటి దీర్ఘకాలిక ఊపిరితిత్తి జబ్బులు ఉన్నవారిలో ఫంగస్ కేవలం తిష్ట వేసి, హాని చేయకుండా ఉన్నా కొంత ఐజీజీ వస్తుంది. దగ్గరి చుట్టాలైన ఇతర ఫంగస్‌లకు తయారైన యాంటీబాడీలు కూడా ఈ పరీక్షలో పాజిటివ్ చూపించగలవు. 2016లో యూరప్ వైద్య సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నాలుగు విషయాలు కుదరాలి. స్కాన్‌లో క్యావిటీ లాంటి మార్పులుండాలి. ఆస్పర్‌జిల్లస్ ఉన్నట్టు నేరుగా గానీ యాంటీబాడీ ద్వారా గానీ రుజువుండాలి. బాధ కనీసం మూడు నెలలుగా సాగుతుండాలి. ఇదే లక్షణాలు తెచ్చే ఇతర జబ్బులు కావని తేలాలి. నాన్నగారి విషయంలో రెండోది, మూడోది మీ చేతిలో ఉన్నాయి. మొదటిది సీటీతో తేలుతుంది.

నాలుగోది, అంటే టీబీ కాదని తేల్చడం, మీరు అనుకున్నంత పూర్తి కాలేదు. 'కఫం పరీక్ష నెగెటివ్' అన్నారు. అది మైక్రోస్కోపు కింద చూసే పరీక్షా, జన్యు పరీక్షా రిపోర్టు తీసి చూడండి. మైక్రోస్కోపులో క్రిమి కనిపించాలంటే ఒక మిల్లీలీటరు కఫంలో కనీసం ఐదు నుంచి పది వేల క్రిములుండాలి. తక్కువ ఉంటే నెగెటివే వస్తుంది. జన్యు పరీక్ష ఇంకా సున్నితమైనది. అయితే ఒకసారి టీబీ వచ్చి తగ్గినవారిలో చచ్చిన క్రిముల అవశేషాలను కూడా అది పట్టుకుని స్వల్పంగా పాజిటివ్ చూపించవచ్చు. అందుకే నాన్నగారిలాంటి వారికి టీబీ కల్చర్ కూడా పెట్టమంటారు. ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఓపిక పట్టాల్సిందే. ఇదే కఫాన్ని ఫంగస్ కల్చర్‌కు కూడా పంపమని అడగండి. ఉదయం లేవగానే లోతుగా దగ్గి తీసిన కఫం కావాలి. ఉమ్మి వద్దు. ఒక్కసారి కాకుండా వేర్వేరు రోజుల్లో తీసినవి ఇస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. ఈ వయసులో రక్తం పడుతూ బరువు తగ్గుతుంటే క్యాన్సర్ కాదని కూడా తేల్చుకోవాలి. ఆ పనికీ సీటీయే తొలి మెట్టు.

అంకె గురించి ఒక జాగ్రత్త. 'బాగా ఎక్కువ ఉంది' అని రాశారు కానీ అంకె, హద్దు రాయలేదు. ఐజీజీ విలువ కిట్‌ను బట్టి మారుతుంది. ఒకే రకం యంత్రం మీద కొందరు 27ను, మరికొందరు 40ని హద్దుగా తీసుకుంటారు. ఒక ల్యాబ్‌లో వచ్చిన అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో అనుకోవద్దు. ఒరిజినల్ రిపోర్టు పట్టుకెళ్లండి, ఏ పద్ధతిలో చేశారో దాని మీద ఉంటుంది.

క్యాండిడా ఐజీజీని పట్టించుకోనవసరం లేదు. క్యాండిడా మన నోట్లో, పేగుల్లో, స్త్రీలలో యోని మార్గంలో మామూలుగానే కాపురం ఉంటుంది. రోజూ పక్కనే ఉండేదాన్ని శరీరం గుర్తుపట్టడం సహజం. ఆరోగ్యంగా తిరిగే చాలామంది రక్తంలో ఈ యాంటీబాడీ దొరుకుతుంది. నీరసానికి, కడుపు ఉబ్బరానికి, మతిమరుపుకు 'ఒంట్లో క్యాండిడా పెరిగిపోయింది' అని ఈ రిపోర్టు చూపించి నెలల తరబడి పథ్యాలు, మందులు అంటగట్టేవాళ్లున్నారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఈ ఒక్క ఫలితం ఆధారంగా ఎవరికీ చికిత్స మొదలుపెట్టకూడదు. నోట్లో తెల్లటి పొర వస్తే కంటితో చూసి, గీకి పరీక్షించి చెప్పొచ్చు. క్యాండిడా రక్తంలోకి దిగడం నిజంగా ప్రమాదకరమే. కానీ అది ఎక్కువగా ఐసీయూలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్నవారికి, పెద్ద ఆపరేషన్లయినవారికి, తెల్లకణాలు పడిపోయినవారికి వచ్చే జబ్బు. దాన్ని పట్టడానికి బ్లడ్ కల్చర్ చేస్తారు. అది కూడా సుమారు సగం మందిలోనే దొరుకుతుంది కాబట్టి డాక్టర్లు ఇంకొన్ని పరీక్షలు కలిపి చూస్తారు.

మీ అన్నయ్య చెప్పిన ఫ్లూకోనజోల్ క్యాండిడా మీద పనిచేసే మందే. కానీ ఆస్పర్‌జిల్లస్ మీద అది పనిచేయదు. అంటే అవసరం లేని ఫంగస్‌కు మందు వేసి, అసలు అనుమానించాల్సిన ఫంగస్‌ను అలాగే వదిలేసినట్టవుతుంది. మందు వాడుతున్నామన్న ధీమాతో మరో రెండు నెలలు గడిచిపోతాయి. ఈ జబ్బులో పోగొట్టుకున్న ఊపిరితిత్తి భాగం తిరిగి రాదు.

మీ ఉత్తరంలో లేని ఒక ప్రశ్న అడుగుతున్నాను. నాన్నగారికి ఆస్తమా, పిల్లికూతలు ఉన్నాయా? ఉంటే ఆస్పర్‌జిల్లస్ వల్ల వచ్చే ఇంకో జబ్బునూ ఆలోచించాలి. 1952లో ఇంగ్లండ్ వైద్యులు హిన్సన్, మూన్, ప్లమ్మర్ వర్ణించిన అలర్జీ రూపం అది, ఏబీపీఏ అంటారు. ఇక్కడ ముఖ్యమైనది ఐజీజీ కాదు, ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ. ఆస్పర్‌జిల్లస్‌కు ప్రత్యేకమైన ఐజీఈ 0.35 లేదా అంతకు మించి, మొత్తం ఐజీఈ 500 లేదా అంతకు మించి ఉండాలని 2024లో సవరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. వాటితో పాటు ఐజీజీ, ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు), స్కాన్ కూడా చూస్తారు. రెండు జబ్బుల మధ్య తేడా ఎందుకంత ముఖ్యమంటే, అలర్జీ రూపంలో స్టెరాయిడ్ మాత్రలు చికిత్సలో భాగం. నాన్నగారికి ఉందేమోనని నేను అనుమానిస్తున్న క్యావిటీ జబ్బులో అవే స్టెరాయిడ్లు ఫంగస్‌కు దారి వదులుతాయి. 'దగ్గు తగ్గుతుంది' అని ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తే, ఈ విషయం తేలేదాకా ఆగమని చెప్పండి.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో కథ తలకిందులవుతుంది. బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు తరచూ యాంటీబాడీని సరిగా తయారు చేయలేరు. ఫంగస్ ఊపిరితిత్తిని తినేస్తున్నా ఐజీజీ నెగెటివ్ రావచ్చు. వీళ్లలో శరీరం ఇచ్చే జవాబు కోసం చూడకుండా ఫంగస్ వదిలే పదార్థాన్నే నేరుగా వెతుకుతారు. గెలాక్టోమానన్, బీటా డీ గ్లూకాన్ పరీక్షలు అలాంటివి. ఇవి యాంటిజెన్ పరీక్షలు, యాంటీబాడీవి కావు. నాన్నగారికి ఎవరైనా రక్తంలో గెలాక్టోమానన్ చేయించి నెగెటివ్ అని చెబితే నిశ్చింతగా ఉండకండి. క్యావిటీలో పెరిగే ఫంగస్ రక్తంలోకి అంతగా రాదు కాబట్టి ఈ జబ్బులో రక్తంలో అది తరచూ నెగెటివే ఉంటుంది. బ్రాంకోస్కోపీ (సన్నటి గొట్టంతో ఊపిరితిత్తి లోపల చూడడం) చేసి ఊపిరితిత్తిని కడిగి తీసిన నీటిలో చేస్తే ఎక్కువ ఉపయోగం. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 కణాలు 200 కంటే, ముఖ్యంగా 100 కంటే తగ్గినవారికి క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్ యాంటిజెన్ పరీక్ష ప్రాణాలు కాపాడుతుంది. అది తలనొప్పి మొదలవ్వక ముందే రక్తంలో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పును పట్టేయగలదు.

మ్యూకార్ అనే బ్లాక్ ఫంగస్‌కు నమ్మదగిన యాంటీబాడీ పరీక్ష లేదు. గెలాక్టోమానన్, బీటా డీ గ్లూకాన్ పరీక్షలు కూడా దాన్ని పట్టలేవు. షుగర్ అదుపులో లేని మనిషికి ముఖం ఒకవైపు వాచి, కన్ను బరువెక్కి, ముక్కు నుంచి నల్లటి ద్రవం వస్తే రక్త పరీక్షల కోసం కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తేనే తేలుతుంది.

యాంటీబాడీయే ప్రధాన ఆధారమైన ఫంగస్‌లూ ఉన్నాయి. అమెరికా నైరుతి ఎడారుల్లో, మెక్సికోలో మట్టి ద్వారా వచ్చే వ్యాలీ ఫీవర్‌లో యాంటీబాడీ టైటర్ (మోతాదు) పెరుగుతూ పోతే జబ్బు ఊపిరితిత్తి దాటి వ్యాపిస్తోందని అనుమానిస్తారు. డాక్టర్ "ఎక్కడెక్కడ ఉన్నారు, ఎక్కడికి వెళ్లి వచ్చారు" అని అడిగేది ఇందుకే. నాన్నగారు దూర ప్రయాణాలు చేసి ఉంటే చెప్పండి.

సీటీలో క్యావిటీ కనబడి జబ్బు ఖాయమైతే, సాధారణంగా ఇట్రాకొనజోల్ లేదా వోరికొనజోల్ మాత్రలు కనీసం ఆరు నెలలు వాడాల్సి వస్తుంది. కొందరికి ఇంకా ఎక్కువ కాలం. ఒకే ఒక్క క్యావిటీలో ఒకే ఉండ ఉండి, మిగతా ఊపిరితిత్తి బాగుంటే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ సరిగా ఒంటబట్టాలంటే భోజనం తర్వాత వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు వాడుతుంటే మందు ఒంటికి సరిగా పట్టదు, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి తీరాలి. మందు రక్తంలో ఎంత ఉందో కొలిచే పరీక్ష ఉంది, అందుబాటులో ఉంటే అడగండి. కాళ్లు వాచినా, ఆయాసం పెరిగినా, కళ్లు పచ్చబడినా ఆగకుండా చూపించాలి. గుండె బలహీనత ఉన్నవారికి ఇట్రాకొనజోల్ మంచిది కాదు. వోరికొనజోల్ వాడేటప్పుడు ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. కొలెస్ట్రాల్ మాత్రలు సహా నాన్నగారు వేసుకునే ప్రతి మందూ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, ఈ రెండు మందులకూ చాలావాటితో పడదు. ముఖ్యంగా టీబీ మందు రిఫాంపిసిన్‌తో. 'ఎందుకైనా మంచిది' అని టీబీ మందులు, ఫంగస్ మందు కలిపి ఇస్తే రిఫాంపిసిన్ ఆ ఫంగస్ మందును రక్తంలో నిలవనివ్వదు. రోజూ మాత్ర మింగినా మింగనట్టే అవుతుంది. టీబీ ఉందో లేదో గట్టిగా తేల్చుకోమన్నది ఇందుకు కూడా.

చికిత్స మొదలయ్యాక నెల నెలా ఐజీజీ చేయించి కంగారు పడకండి. అది చాలా నెమ్మదిగా, నెలల మీద తగ్గుతుంది. కొందరిలో పూర్తిగా నెగెటివ్ కానే కాదు. బరువు పెరుగుతోందా, దగ్గు తగ్గిందా, నాలుగు అడుగులు ఆయాసం లేకుండా వేస్తున్నారా అన్నవే ముందు చూడాలి. డాక్టర్ చెప్పినప్పుడు ఐజీజీ చేయిస్తే అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేయించండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు టీబీ నాటి ఎక్స్‌రేలు ఎక్కడున్నా వెతికి తీసుకెళ్లండి. ఇప్పుడు కనిపించే మచ్చ అప్పటిదా, కొత్తదా అన్నది వాటితోనే తెలుస్తుంది. కొత్తగా క్యావిటీ గోడ మందమైనా, పక్కకు విస్తరించినా డాక్టర్‌కు అది పెద్ద ఆధారం. ఈలోగా కఫంలో రక్తం చారలుగా కాక గుటకలు గుటకలుగా, కప్పు నిండేంతగా పడితే రాత్రయినా సరే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. అలాంటి రక్తస్రావాన్ని ఆపడానికి మందులున్నాయి. కాలి రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని మూసేసే చికిత్స కూడా ఉంది.

ఇక మీ తామర. దానికి ఈ ప్యానెల్ అక్కర్లేదు. తామర ఫంగస్ చర్మం పైపొరలోనే ఉంటుంది, రక్తంలో వెతికితే దొరికేదేమీ ఉండదు. చర్మ డాక్టర్ దగ్గర మచ్చ అంచు నుంచి మొద్దు బ్లేడుతో పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, ఒక చుక్క కేఓహెచ్ ద్రావణం కలుపుతారు. పది, ఇరవై నిమిషాల్లో చర్మకణాలు కరిగి పలచబడతాయి. వాటి మధ్య అడ్డదిడ్డంగా, కొమ్మలు చీలుతూ పోయే సన్నటి మెరిసే దారాలు మైక్రోస్కోపులో కనిపిస్తాయి. అవి కనిపిస్తే మీకున్నది తామరే. మచ్చ మధ్యలోంచి కాకుండా, ఎర్రగా ఉబ్బి ఉన్న అంచు నుంచే గీకమని అడగండి, ఫంగస్ చురుగ్గా ఉండేది అక్కడే. ఇప్పటిదాకా ఏ క్రీమ్ రాస్తున్నారో దాని ట్యూబు తీసుకెళ్లండి. దాని మీద క్లోబెటాసోల్ లేదా బీటామెథాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజులు దురద తగ్గించి, తామరను లోలోపల పెంచుతుంది. ఇక అది రాయకండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద మచ్చలుంటే అందరూ ఒకేసారి చూపించుకోండి. తువ్వాళ్లు, లోదుస్తులు ఎవరివి వారు విడిగా ఉతికి ఎండలో ఆరేయండి.